పోటీ సంస్థల సమాచారం తెచ్చిపెట్టే సేవ: పద్నాలుగు నెలల వాడకం తరువాత

ఈ సేవ నుంచి మాకు నెలనెలా వచ్చే నివేదికలో ప్రతి పేజీకి కుడివైపున ఒక సన్నని గడి ఉంటుంది. దాని శీర్షిక 'ఎలా తెలిసింది'. ఎడమవైపు రాసిన ప్రతి సంగతికీ ఆ గడిలో జవాబు ఉండి తీరాలి. ఏ తేదీన, ఎక్కడ, ఎవరి నుంచి, తాము ఎవరమని చెప్పుకొని ఆ సంగతి సేకరించారో అందులో రాసి, సేకరించిన ఉద్యోగి పొట్టి సంతకం పెడతారు. నివేదిక చేతికి రాగానే నేను ముందుగా చదివేది ఆ గడినే. ఈ సేవను మెచ్చుకోవడానికైనా, తప్పుపట్టడానికైనా నా దగ్గరున్న కారణాలు చాలావరకు అందులోనే ఉన్నాయి.

మాది నీటి పంపులు తయారుచేసే మధ్యస్థాయి సంస్థ. పోటీ సంస్థలు ఏం తయారుచేస్తున్నాయో, ఎటు అడుగు వేయబోతున్నాయో ముందుగా కనిపెట్టి యాజమాన్యానికి చెప్పే బాధ్యత మార్కెటింగ్ విభాగంలో నాది. ఆ పనిలో కొంత భాగాన్ని బయటి సంస్థకు అప్పగిస్తాం. ఇప్పుడు వాడుతున్న సంస్థ పేరు గానీ, అంతకుముందు వదులుకున్న సంస్థ పేరు గానీ ఇక్కడ రాయడం లేదు. రెండింటితోనూ గోప్యత ఒప్పందాలు ఉన్నాయి. పేర్లు లేకపోయినా, ఇలాంటి సేవ కొనదలచినవారు దేన్ని పరీక్షించి చూసుకోవాలో చెప్పడానికి ఈ అనుభవం చాలునని నా నమ్మకం.

పాత సంస్థ సంగతి ముందు చెప్పకపోతే కొత్తదాని విలువ అర్థం కాదు. ఒకరోజు వారి నుంచి దళసరి కవరు ఒకటి వచ్చింది. తెరిచి చూస్తే మా ప్రధాన ప్రత్యర్థి తన డీలర్లకు పంపిన ధరల పట్టిక, రాబోయే మూడు నెలల రాయితీలతో సహా. పేజీ అడుగున 'డీలర్ల నిమిత్తం మాత్రమే' అన్న ముద్ర స్పష్టంగా ఉంది. ఇది మీకెలా వచ్చిందని ఫోన్ చేసి అడిగితే, "మాకు మనుషులున్నారు, ఆ వివరాలు మీకెందుకు" అన్నారు. ఆ మాట విన్నాక మొదటి పేజీ దాటి చదవడానికి చేయి ఆడలేదు.

మా న్యాయవాది కవరును చూసి మూడు ప్రశ్నలు అడిగారు. ఈ సమాచారం పరిశ్రమలో అందరికీ తెలిసినదేనా? రహస్యంగా ఉండటం వల్లనే దీనికి వాణిజ్య విలువ వస్తోందా? దీన్ని రహస్యంగా ఉంచడానికి యజమాని తగిన జాగ్రత్త తీసుకున్నాడా? 1995 జనవరి 1 నుంచి అమలులో ఉన్న ప్రపంచ వాణిజ్య సంస్థ ట్రిప్స్ (మేధో సంపత్తి హక్కుల) ఒప్పందం 39వ అధికరణలో వ్యాపార రహస్యానికి పెట్టిన మూడు గీటురాళ్లు ఇవే. మా చేతిలో ఉన్న పట్టిక మూడింటికీ సరిపోయింది; ఆ ముద్ర ఒక్కటే మూడో ప్రశ్నకు జవాబు. మేము దొంగిలించలేదు కదా, డబ్బు చెల్లించి నివేదిక కొన్నాం కదా అని మా అమ్మకాల విభాగంలో ఒకరు వాదించారు. ఆ వాదన నిలబడదు. అమెరికాలో 2016లో వచ్చిన వ్యాపార రహస్యాల రక్షణ చట్టమైనా, అదే ఏడాది వచ్చిన ఐరోపా సమాఖ్య ఆదేశమైనా, అక్రమంగా బయటికి వచ్చిందని తెలిసి గానీ, తెలుసుకోవలసిన స్థితిలో ఉండి గానీ రహస్యాన్ని పుచ్చుకున్నవాణ్ని కూడా బాధ్యుణ్ని చేస్తాయి. ఎక్కడిదని అడగకుండా ఉండటం రక్షణ కాదు, అది నేరాన్ని ఒంటికి పూసుకోవడమే. 2007లో ఫార్ములా వన్ కార్ల పందేల్లో ఫెరారీకి చెందిన సుమారు 780 పేజీల సాంకేతిక పత్రాలు మెక్‌లారెన్ ఉద్యోగి ఒకరి దగ్గర దొరికినందుకు ఆ జట్టుకు 10 కోట్ల డాలర్ల జరిమానా పడింది. ఆ వ్యవహారం బయటపడింది పత్రాల నకళ్లు తీసిన జిరాక్స్ దుకాణం ఉద్యోగి అనుమానపడటం వల్ల.

మేము ఆ కవరును మళ్లీ అంటించి, తేదీ వేసి న్యాయవాదికి అప్పగించాం. మొదటి పేజీ చూసిన ఇద్దరం, అంటే నేను, నా సహోద్యోగి, ఆ మూడు నెలల ధరల నిర్ణయాల నుంచి తప్పుకున్నాం. పాత సంస్థతో ఒప్పందం రద్దయింది. ఈ నేపథ్యంలో కొత్త సంస్థను వెతికినప్పుడు మేము వేసిన మొదటి ప్రశ్న, మీరు ఏమేం తేగలరు అని కాదు, ఏమేం తేరు అని. ఇప్పటి సంస్థ ఆ ప్రశ్నకు రెండు పేజీల జాబితా లిఖితపూర్వకంగా ఇచ్చింది. మిగతావారు నోటిమాటతో సరిపెట్టారు.

మొదటి పనిగా వారికి ఒక ప్రత్యర్థి కొత్తగా విడుదల చేసిన సబ్‌మెర్సిబుల్ పంపును పరిశీలించే పని ఇచ్చాం. అది మా పంపు కంటే తక్కువ విద్యుత్తుతో ఎక్కువ నీరు ఎలా తోడుతోందో మాకు తెలియాలి. వారు రెండు పంపులను బహిరంగ మార్కెట్‌లో, తమ సంస్థ పేరు మీద బిల్లు తీసుకొని కొన్నారు. ఒకదాన్ని నాలుగు వందల గంటలు నడిపించారు. రెండోదాన్ని మా ఇంజనీరు ఎదుటే బల్ల మీద విప్పారు. ఇంపెల్లర్‌ను, అంటే నీటిని తోసే రెక్కల చక్రాన్ని, తూకం వేసి, దాని రెక్కల వంపును కొలిచి, వైండింగ్ రాగి తీగ మందం చూసి, మెకానికల్ సీల్ ఏ పదార్థంతో చేశారో రాసుకొని, ప్రతి భాగం పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశారు. నివేదిక చివర కొనుగోలు బిల్లును పిన్ చేశారు. బిల్లు ఎందుకని మా ఇంజనీరు అడిగితే వారు చెప్పిన జవాబు నాకు బాగా నచ్చింది. సక్రమంగా కొన్న వస్తువును విప్పి తెలుసుకోవడానికి చట్టం అడ్డుచెప్పదు. అమెరికా సుప్రీంకోర్టు 1974లో కెవానీ ఆయిల్ కేసులోనే రివర్స్ ఇంజనీరింగ్ న్యాయమైన మార్గమని చెప్పింది. ఐరోపా ఆదేశం మార్కెట్‌లో దొరికే వస్తువును పరిశీలించడం, విప్పడం, పరీక్షించడం సక్రమమని విడిగా పేర్కొంది. కానీ ఆ వస్తువు అద్దెకు తెచ్చినదైనా, ప్రయోగానికని అరువు తీసుకున్నదైనా, విప్పబోమని సంతకం చేసి తెచ్చుకున్నదైనా పరిస్థితి మారిపోతుంది. అందుకే బిల్లు.

అదే నివేదికలో మరో జాగ్రత్త కూడా ఉంది. విప్పి తెలుసుకున్నంత మాత్రాన తయారుచేయవచ్చని కాదు కాబట్టి, ఇంపెల్లర్ ఆకృతికి సంబంధించిన పేటెంటు దరఖాస్తును వెతికి జతచేశారు. పేటెంటు దరఖాస్తులు సాధారణంగా 18 నెలలకు బహిరంగమవుతాయి. అందులో ప్రత్యర్థి ఇంజనీర్లే తమ ఆలోచనను బొమ్మలతో సహా వివరించి ఉంటారు. ఉద్యోగ ప్రకటనలు, ప్రభుత్వానికి సమర్పించిన వార్షిక లెక్కలు, టెండర్ల ఫలితాలు, ప్రదర్శనల్లో పంచిన బ్రోచర్లు, ఇవన్నీ కూడా అదే కోవలోవి. ఒక ప్రత్యర్థి ఆరు నెలల్లో సౌర విద్యుత్ కంట్రోలర్ల ఇంజనీర్ల కోసం పదకొండు ప్రకటనలు ఇచ్చిందని, అంతకుముందు రెండేళ్లలో ఒక్కటీ ఇవ్వలేదని వారు లెక్కగట్టి చూపించారు. ఆ ఒక్క పేజీ మా వచ్చే ఏడాది ప్రణాళికను మార్చింది. దానికి ఎవరి తలుపూ తట్టనక్కర్లేకపోయింది.

నా వల్ల జరగబోయిన పొరపాటు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఒక ప్రత్యర్థి కొత్త కర్మాగారం కడుతోంది. లోపల ఎన్ని ఉత్పత్తి వరుసలు పెడుతున్నారో తెలిస్తే వారి సామర్థ్యం అంచనా వేయవచ్చు. పైకప్పు ఇంకా పడలేదు కాబట్టి డ్రోన్‌తో పైనుంచి ఫొటోలు తీయించగలరా అని అడిగాను. గాలిలో ఎగరడానికి అనుమతి తెచ్చుకుంటే తప్పేముందని అప్పుడు నిజంగానే అనుకున్నాను. మర్నాడు వారి నుంచి ఒక పేజీ తిరస్కరణ వచ్చింది. అందులో 1970 నాటి డూపాంట్ కేసు గురించి రాశారు. టెక్సాస్‌లో డూపాంట్ సంస్థ మిథనాల్ తయారీకి రహస్య విధానంతో కర్మాగారం కడుతుండగా, 1969లో ఒక విమానం దానిపై చక్కర్లు కొట్టి 16 ఫొటోలు తీసింది. తీసినవారు ఫొటోగ్రాఫర్లు, ఎవరి కోసం తీశారో చెప్పలేదు. ఆకాశం అందరిదీ, మేము ఎవరి ఆవరణలోనూ అడుగుపెట్టలేదు, ఏ చట్టాన్నీ అతిక్రమించలేదు, ఎవరినీ మోసగించలేదు అని వారు వాదించారు. అప్పీలు కోర్టు ఆ మాటలేవీ చాలవన్నది. కట్టడం నడుస్తుండగా దాని మీద కప్పు వేసుకోమని యజమానిని బలవంతపెట్టడం అన్యాయమనీ, కష్టపడి కనిపెట్టినదాన్ని ఇలా ఎత్తుకుపోవడం అనుచిత మార్గమేననీ తీర్పు చెప్పింది. విడిగా చూస్తే ప్రతి అడుగూ చట్టబద్ధంగానే కనిపించే పని, మొత్తంగా చూస్తే అనుచితం కావచ్చునని నాకు తెలిసింది ఆ పేజీ చదివాకే. డ్రోన్‌కు బదులు వారు ప్రభుత్వానికి ప్రత్యర్థి సమర్పించిన పర్యావరణ అనుమతి దరఖాస్తును, అది ఎవరైనా చూడదగిన పత్రం కాబట్టి, తెచ్చి ఇచ్చారు. అందులో యంత్రాల సంఖ్య లేదు గానీ విద్యుత్తు, నీటి వినియోగం అంచనాలు ఉన్నాయి. మాకు అవే సరిపోయాయి.

చెత్తబుట్టల విషయంలోనూ వారి జాబితా గట్టిగానే ఉంది. వీధిలో పారేసిన చెత్తపై గోప్యత హక్కు ఉండదని 1988లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది నిజమే గానీ, అది పోలీసుల సోదాకు సంబంధించిన తీర్పు. 2001లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ నియమించుకున్న మనుషులు చికాగోలో యూనిలీవర్ కార్యాలయం బయటి చెత్తలో నుంచి షాంపూల వంటి కేశ సంరక్షణ ఉత్పత్తుల ప్రణాళికల కాగితాలు ఏరుకొచ్చారు. సంగతి పైవారికి తెలియగానే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ తనంతట తానే యూనిలీవర్‌కు చెప్పి, కాగితాలు తిరిగి ఇచ్చి, చివరికి కోటి డాలర్ల మేరకు చెల్లించి రాజీ పడిందని వార్తలు వచ్చాయి. చట్టాన్ని అతిక్రమించలేదని చెబుతూనే, తన సొంత నియమావళిని అతిక్రమించినట్లు ఒప్పుకుంది. చట్టం గీసిన గీతకు లోపలే సంస్థ తనకు తాను గీసుకోవలసిన గీత ఒకటి ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఇక మనుషులతో మాట్లాడి సమాచారం రాబట్టడం. ఈ సేవలో అన్నిటికంటే విలువైనదీ, అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. ఈ వృత్తిలో ఉన్నవారి అంతర్జాతీయ సంఘం, 1986లో ఏర్పడిన స్కిప్, తన నియమావళిలో ఎవరినైనా ఇంటర్వ్యూ చేసే ముందు తాము ఎవరో, ఏ సంస్థవారో నిజం చెప్పాలని విధించింది. మా సేవాసంస్థ ఆ నియమాన్ని ఒప్పందంలో చేర్చింది. డీలర్లు, మెకానిక్కులు, రిటైరైన ఇంజనీర్లు, టోకు కొనుగోలుదారులతో వారు మాట్లాడిన రికార్డులు నేను విన్నాను. "మేము పంపుల మార్కెట్‌పై అధ్యయనం చేసే సంస్థ నుంచి మాట్లాడుతున్నాం, మా ఖాతాదారు ఒక పంపుల తయారీదారు, గోప్యంగా ఉంచవలసిన సంగతులు మాకు చెప్పవద్దు" అన్న మూడు మాటలతోనే ప్రతి సంభాషణా మొదలవుతుంది. ఇలా చెబితే ఎవరు నోరు విప్పుతారని నేను సందేహించాను. నూటికి సగం మంది కూడా మాట్లాడరు. మాట్లాడినవారు మాత్రం దాపరికం లేకుండా, బిగ్గరగా, ఫిర్యాదులతో సహా చెబుతారు.

ఏడో నెలలో ఒక సంభాషణ దారి తప్పింది. పని ఎక్కువై వారు కొన్ని ఫోన్లను మరో చిన్న సంస్థకు అప్పగించారు. అక్కడి కుర్రవాడు ప్రత్యర్థి డిస్ట్రిబ్యూటర్‌తో తాను కళాశాల విద్యార్థిననీ, ప్రాజెక్టు కోసం అడుగుతున్నాననీ చెప్పి, సరుకు నిల్వల వివరాలు రాబట్టాడు. మా సేవాసంస్థవారే రికార్డింగులు వింటుండగా పట్టుకొని, మేము అడగకముందే మాకు తెలియజేశారు. అప్పటికి మా చేతికి వచ్చిన నివేదికలో మూడు పేజీలను వెనక్కి తీసుకొని, వాటి స్థానంలో 'ఈ సమాచారం అబద్ధపు పరిచయంతో సేకరించినది కాబట్టి తొలగించాం' అని రాసిన ఖాళీ పేజీలు పెట్టారు. ఆ డిస్ట్రిబ్యూటర్‌కు ఫోన్ చేసి నిజం చెప్పి క్షమాపణ అడిగారు. తప్పు తప్పే. మారుపేరుతో, మారువేషంతో సమాచారం లాగడం ఎంత దూరం పోతుందో 2006లో కంప్యూటర్ల సంస్థ హ్యూలెట్ ప్యాకార్డ్ విషయంలో ప్రపంచం చూసింది. ఆ సంస్థ డైరెక్టర్లవీ, విలేకరులవీ ఫోన్ రికార్డులను సంస్థ తరఫు పరిశోధకులు ఇతరుల పేర్లు చెప్పుకొని సంపాదించారు, బోర్డు అధ్యక్షురాలు పదవి వదులుకోవలసి వచ్చింది, ఫోన్ రికార్డులను ఇలా రాబట్టడాన్ని నేరంగా ప్రకటిస్తూ అమెరికాలో ప్రత్యేక చట్టం వచ్చింది. అయినా తప్పును దాచకుండా ముందుగా చెప్పినందువల్లే మేము ఒప్పందం కొనసాగించాం. మాకు చెప్పకుండా పనిని మూడో చేతికి అప్పగించడాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.

ప్రత్యర్థి నుంచి మా సంస్థకు మారిన ఉద్యోగులను వారు ప్రశ్నించరు. నిరుడు మా దగ్గర చేరిన ఒక అమ్మకాల అధికారికి పాత ఖాతాదారుల జాబితా తెలిసే ఉంటుంది కదా అని మా యాజమాన్యంలో ఒకరు అన్నప్పుడు, వారు గూగుల్ సోదర సంస్థ వేమో ఊబర్‌పై వేసిన కేసును గుర్తుచేశారు. ఉద్యోగి వెంట పత్రాలు వచ్చాయన్న ఆ వివాదాన్ని ముగించుకోవడానికి 2018లో ఊబర్ సుమారు 24.5 కోట్ల డాలర్ల విలువైన వాటాలు ఇవ్వవలసి వచ్చింది. మనిషికున్న నైపుణ్యం మనిషితో వస్తుంది, కాగితాలు మాత్రం రాకూడదు.

వెబ్‌సైట్ల నుంచి సమాచారాన్ని ప్రోగ్రాములతో మూకుమ్మడిగా దించుకోవడం దగ్గర వారి సేవ బలహీనంగా ఉంది. బహిరంగంగా కనిపించే పేజీలే కదా అంటారు. అమెరికాలో సమాచార విశ్లేషణ సంస్థ హైక్యూ, ఉద్యోగ పరిచయాల వెబ్‌సైటు లింక్‌డిన్ వివాదంలో అప్పీలు కోర్టు 2022లో బహిరంగ పేజీలను దించుకోవడం కంప్యూటర్ చొరబాటు చట్టం కిందికి రాకపోవచ్చునని చెప్పిన మాట నిజం. కానీ అదే ఏడాది చివర కింది కోర్టు హైక్యూ ఆ వెబ్‌సైటు వాడుక నిబంధనలను ఉల్లంఘించిందని తేల్చింది. మొదటి సగం చెప్పి రెండో సగం వదిలేయడం వారి స్థాయికి తగదు. అంతకంటే ఇబ్బంది, ఈ పనిలో దావా వస్తే ఖర్చు ఖాతాదారే భరించాలన్న నిబంధన ఒప్పందం పదహారో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది. మనుషుల పేర్లు, ఫోటోలు కూడా ఇలా వచ్చిపడితే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టాలు కూడా తగులుకుంటాయి. ఆ అంశంపై వారి జవాబులు ఇప్పటికీ సూటిగా లేవు.

కొనేవారు తప్పక అడగవలసిన మరో ప్రశ్న, ఇదే పరిశ్రమలో మీకు ఇంకెవరు ఖాతాదారులు అని. పోటీదారులిద్దరి రాబోయే ధరలు ఒకే మధ్యవర్తి దగ్గర కలిస్తే, వారు ఒక్కసారైనా ఎదురుపడకపోయినా, కుమ్మక్కయ్యారన్న ఆరోపణకు తావుంటుంది. నెదర్లాండ్స్‌లో 2001లో అయిదు మొబైల్ సంస్థలు డీలర్ల కమీషన్ గురించి మాట్లాడుకున్న వ్యవహారంపై ఐరోపా న్యాయస్థానం 2009లో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఒక్క సమావేశంలో పంచుకున్న సమాచారం కూడా చాలు. మా సేవాసంస్థ పంపుల పరిశ్రమలో మరో ఖాతాదారు ఉన్నారని, వారి పేరు చెప్పలేమని, రెండు బృందాలూ వేరని లిఖితపూర్వకంగా తెలియజేసింది. ప్రకటించని ధరల జోలికి ఏ బృందమూ పోదని అందులోనే హామీ ఇచ్చింది. నాకు అది చాలింది. మా న్యాయవాదికి చాలలేదు, మూడు నెలలకోసారి తనిఖీ కావాలన్నారు. ఆయన మాటే సరైనదని ఇప్పుడు అనిపిస్తోంది.

పదో నెలలో మా అధికారిక చిరునామాకు తెలియని వ్యక్తి నుంచి ఈమెయిల్ వచ్చింది. ప్రత్యర్థి కొత్త పంపు డ్రాయింగులు తన దగ్గర ఉన్నాయని, రెండు నమూనాలు జతచేస్తున్నానని, మిగతావాటికి బేరం మాట్లాడుకుందామని రాశాడు. సేవాసంస్థ సలహా పది నిమిషాల్లో వచ్చింది. జతచేసినవి తెరవవద్దు, జవాబు రాయవద్దు, చెరపవద్దు, న్యాయవాదికి ఇవ్వండి, ఆయన ద్వారా ప్రత్యర్థికి చెప్పండి అన్నారు. 2006లో కోకాకోలా రహస్యాలు అమ్ముతానంటూ ఉత్తరం వచ్చినప్పుడు పెప్సీ చేసినది ఇదే. ఉత్తరాన్ని నేరుగా కోకాకోలాకు పంపింది, అక్కడి నుంచి విషయం ఎఫ్‌బీఐకి చేరి ముగ్గురు అరెస్టయ్యారు. మేమూ అలాగే చేశాం. ప్రత్యర్థి న్యాయ విభాగం నుంచి రెండు వాక్యాల కృతజ్ఞత వచ్చింది. ఈ సలహాకు వారు విడిగా బిల్లు వేయలేదు. పోటీ సంస్థపై పనికొచ్చే సమాచారాన్ని పారేసుకోమని చెప్పడం కూడా తమ పనిలో భాగమేనని వారు భావించారు.

రుసుము పాత సంస్థ కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. నివేదికలు కొన్ని ఆలస్యంగా వస్తాయి, ఆధారం దొరకని చోట 'తెలియలేదు' అని రాసి వదిలేస్తారు. ప్రత్యర్థి మనసులో ఏముందో రేపటికల్లా కావాలనేవారికి ఈ సేవ నచ్చదు. మేము మరో ఏడాదికి పొడిగించాం, రెండు షరతులతో. ఫోన్ సంభాషణలు వారి సొంత ఉద్యోగులే జరపాలన్న షరతుకు వారు వెంటనే సంతకం చేశారు. పదహారో పేజీ నిబంధనపై ఇంకా ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి. అది తేలేదాకా వెబ్‌సైట్ల నుంచి దించుకునే పనిని మా ఆర్డరు నుంచి తీసేయించాం.